మన గెడ్డలు – మన నీటిమాటలు
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసపాఠము)



 విద్యానిధినిగూర్చియు, విద్యార్థివసతిగృహమునుగూర్చియు పెద్దలు విపులముగాఁ బ్రసంగించి యున్నారు. మేము మన యిండ్లనుండి మనకే తెలియకుండ జాఱిపోవుచున్న మఱియొక సొత్తునుగూర్చి విన్నవింపఁదలఁచితిమి. ఆ సొత్తు మన నీటిమాటలు.

మన పాచిపెంటసీమ తూర్పుకనుమల యంచున నున్నది. కొండపైఁ బడిన చినుకు మన పొలములమీఁదుగానే దిగవలయును. వేగవతి యీ పాచిపెంటకొండలలోనే పుట్టి, సాలూరు ప్రక్కగాఁ బాఱి, వంగరమండలములోని సంగమమునొద్ద సువర్ణముఖితోపాటు నాగావళిఁ జేరుచున్నది. నాగావళి యొడిశాలోని కలహండిసీమలోఁ బుట్టి, సుమారు 256 కిలోమీటర్లు నడచి, శ్రీకాకుళము దాఁటి సముద్రమునఁ గలియుచున్నది.

ఈ ప్రవాహముల పేళ్లలోనే రెండు తెగలు గలవు. వేగవతి యనఁగా వడి గలది. సువర్ణముఖి యనఁగా బంగారుమోము గలది. నాగావళికి లాంగుల్య యని మఱియొక పేరు. బలరాముఁడు తన నాఁగలితో నేలను జీల్చి యీ నదిని దెచ్చెనని స్థలపురాణము. ఇవి పండితులు ముచ్చటపడి పెట్టిన పేళ్లు. ఇఁకఁ బెద్దగెడ్డ, వట్టిగెడ్డ, గుమ్మడిగెడ్డ, రెల్లిగెడ్డ యనునవి సేద్యగాఁడు పెట్టిన పేళ్లు. వట్టిగెడ్డ యనఁగానే వేసవినాఁటి యెండిన యిసుక కన్నులకుఁ గట్టును. మధ్యకోస్తావారు వాఁగనుదానిని, రాయలసీమవారు వంక యనుదానిని, మనము గెడ్డ యందుము. ఇది మోటుమాట యని చదువుకొన్న మన పిల్లలు సిగ్గుపడుచున్నారు. సిగ్గుపడవలసిన పని యేమియు లేదు. ఆ మాట లేనినాఁడు మన గ్రామముల హద్దులే చెప్పలేము.

కొండపైనుండి దిగివచ్చుకొలఁది నీటికి మాట మాఱుచుండును. రాతిసందునఁ జెమ్మగిలునది యూట. నూయి త్రవ్వునప్పు డడుగునఁ దగులునది జల. ఇసుకను జేతితోఁ దోడినచో నూరునది చెలమ. బండపై నిలిచినది దొన. గెడ్డలో లోఁతుగా నిలిచి, వేసవిలోఁ బశువుల ప్రాణము నిలుపునది మడుగు. మనుష్యులు దిగి దాఁటుచోటు రేవు. మన పైనున్న కొండదొరల సొంతభాషయైన కూబిలో ‘ఏరు’ అనఁగా నీరు. కువి మాటలాడువారు నీటిని ‘ఏయు’ అందురు. దిగువ మనము ఏఱు దాఁటుదుము, పైన వారు ఏరు త్రాగుదురు. ఇరుగుపొరుగువారమై తరతరములుగా నొకే నీటిని బంచుకొనుచున్నను, ఈపాటి సంగతి మనలో నెందఱికిఁ దెలియును?

ఇఁక వఱదమాటల కడకు వచ్చెదము. తొలకరికి గెడ్డలో మొదట దిగునది కొత్తనీరు. అది యెఱ్ఱగా నుండి యాకులను, పుల్లలను, నురుగును మోసికొని వచ్చును. నీటిమట్టము పెరుగుట పొంగు. గట్టుతో సమముగా నడచినచో గట్లొరసి పాఱుచున్నదందుము. గట్టు మీఱి వెల్లివిరిసినది వెల్లువ. గట్టు తెగినచోటు గండి. నీరు కదలక పైరుపై నిలిచినచో ముంపు. మట్టము తగ్గినచో వఱద తీసినదందుము. తీసినపిమ్మటఁ జూడవలసినవి మూఁడు: ఒండ్రు, మేట, కోఁత. ఒండ్రు పడిన రైతు మఱుసటిపంటకు సంతసించును. ఇసుక మేట వేసిన రైతు దానిని దీయించుట కప్పు చేయును. కోఁత పడిన రైతు పట్టా చేతఁ బట్టుకొని నీటిలోఁ దన పొలమును వెదకికొనును. ఈ మూఁటిని గలిపి ‘వఱదనష్ట’మని యొక్కమాటలో నర్జీ వ్రాసికొన్నచో, న్యాయముగా రావలసిన సాయముకూడ జాఱిపోవును. కావున నీ మాటల భేద మెఱుఁగుట పాండిత్యముకొఱకుఁ గాదు, కూటికొఱకు.

కూటికంటెను బ్రాణము గొప్పది. గోదావరివంటి మహానదికి ధవళేశ్వరమునొద్దఁ గొలకఱ్ఱ గలదు. నీటిమట్టము 11.75 అడుగులైన మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులైన రెండవది, 17.75 అడుగులైన మూఁడవది. 1986వ సంవత్సరము ఆగష్టులో నచ్చట 35 లక్షల క్యూసెక్కులకుఁ బైఁబడి నీరు పాఱినది. సెకండునకు నొక ఘనపుటడుగు నీరు పాఱుట యొక క్యూసెక్కు. ఎగువ భద్రాచలమున మట్టము చూచి దిగువవారు మూటముల్లె సర్దుకొనుటకు వ్యవధి యుండును. మన గెడ్డ కట్టి వ్యవధి లేదు. కొండ నిటారు, దారి పొట్టి. పైన వాన కురియుచుండఁగా దిగువ నెండ కాయుచుండును. మబ్బైన లేనివేళ నీరు వచ్చి మీఁదఁబడును. మన చిన్నగెడ్డల రేవులలోఁ గొలకఱ్ఱలు లేవు. అచ్చట మనుష్యుని కన్నును, చెవియు, నోటిమాటయుఁ దప్ప వేఱొక హెచ్చరిక లేదు.

తేటనీరు చూచుచుండఁగానే కలఁగినచో, ఆకులు కొట్టుకొనివచ్చినచో, ఎగువనుండి హోరు వినవచ్చినచో రేవు దిగరాదని పెద్దలు చెప్పుదురు. మోకాటిలోఁతు, నడుములోఁతు, పీఁకలోఁతు, నిలువులోఁతు అని మనిషి యొడలినే కొలకఱ్ఱగాఁ జేసికొన్నారు. లోఁతొక్కటియే చాలదని వడి, ఉరవడి, సుడి యను మాటలను గూడఁ జేర్చినారు. మోకాటిలోఁతైనను ఉరవడి గల నీరు బలిష్ఠునిఁగూడఁ బడఁద్రోయును. గర్భిణీస్త్రీని డోలీలో మోసికొనివచ్చువారు గెడ్డయొడ్డున నిలిచి, దాఁటుదమా, ఆఁగుదమా యని తర్కించుకొను వేళ, ఎదుటియొడ్డునుండి ‘నీరు లోఁతులేదు గాని ఉరవడిగా నున్నది’ అని కేక వేసినచో నది రెండు ప్రాణములను గాపాడును. ఆ కేకలోని మాట వినువానికిఁ దెలియకున్నచో దానివలన ఫలమేమి?

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునఁ దీరము దాఁటినది. 2018 అక్టోబరులోఁ దిత్లీ తుపాను శ్రీకాకుళముసీమను దాఁకి వంశధారను బొంగించినది. సముద్రముమీఁది గాలినిగూర్చి యిప్పుడు దినములముందే తెలియుచున్నది. ఆ వార్త మనయూరి గెడ్డయొడ్డునకుఁ జేరునప్పటికి మనవారి మాటలలోనికి మాఱవలయును గదా!

సేద్యమునందును నట్లే. తూము, మదుము, అలుగు, కాలువ యను మాటలు మన చెఱువులను నడపినవి. రాయలసీమ నీరుగంటి, తెలంగాణపు నీరటి వంటివాఁడే మన నీరుగట్టు. ఇప్పుడు పెద్దగెడ్డకు జలాశయము వచ్చినది. దానివెంట ఇంజనీర్ల మాటలును వచ్చినవి. వానిని నేర్చికొనవలసినదే. కాని మన మాట మఱచి యామాట నేర్చినవాఁడు అధికారియెదుట నోరు మెదపలేఁడు. రెండును దెలిసినవాఁడే కాలువ చివరిమడికి నీరు దెచ్చుకొనఁగలఁడు.

ఈ పని క్రొత్తది గాదు. గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) పర్లాకిమిడియందుండి కొండలలోఁ దిరిగి, సవరల భాష నేర్చి, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. పిఠాపురముమహారాజావారి పోషణమున సూర్యరాయాంధ్రనిఘంటువు మొదటిసంపుటము 1936లో వెలువడినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు సేద్యగాండ్ర నోటిమాటలు చేర్పించి 1962లో మాండలికవృత్తిపదకోశపు వ్యవసాయసంపుటమును దెచ్చిరి. పండితుఁడు, పోషకుఁడు, రైతు – ఈ మువ్వురును గూడినఁగాని యిట్టిపని సాగదు. ఈ సభలో మువ్వురును గలరు.

కావున మూఁడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: ప్రతి గ్రామశాఖయు నొక పుస్తకముంచి, వృద్ధులను, ముఖ్యముగా స్త్రీలను, అడిగి నీటిమాటలను వ్రాయింపవలయును. పొరుగున నున్న కొండవారి మాటలను వారి భాషపేరుతోనే వ్రాయవలయును. మనవి యని కలుపుకొనరాదు. రెండవది: రాకపోకలు గల ప్రతిరేవునందును ఱాయి పాతించి, దానిపై మోకాటిలోఁతు, నడుములోఁతు గుర్తులు రంగుతో వ్రాయించి, ‘ఉరవడి యున్న దిగవలదు’ అని తెలుఁగునఁ జెక్కింపవలయును. దీనికగు వ్యయము స్వల్పము. పోషకులు తలకొక రేవును బూనినఁ జాలును. మూఁడవది: ఎక్కువమాటలను సరియైన యర్థముతోఁ జేర్చిన బాలబాలికలకు రాఁబోవు మహాసభయందు బహుమాన మీయవలయును.

కొత్తనీరు వచ్చి పాతనీటిని గొట్టుకొనిపోవునని సామెత. గెడ్డపాఱుదలకు నది సరియే. కాని గెడ్డలో మడుగుకూడ నుండును. ఎన్ని కొత్తనీళ్లు వచ్చినను అది నిండి నిలిచి, వేసవిలో నూరిని గాచును. మన సంఘము మన మాటలకు నట్టి మడుగు కావలయునని కోరుచున్నాము.