కండవాపును తేలికగా తీసికొనరాదు
(ఒడిశాలోని తెలుగువారి సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను. మెట్రిక్ వరకు చదివి, తండ్రిగారి దుకాణమున తక్కెడ పట్టినవాడను. ఐనను సంఘకార్యముపై ఇంటింటికి తిరుగువాడను గనుక, కొన్ని ఇండ్లలో చూచినదియు, వైద్యుల నడిగి తెలిసికొన్నదియు మీకు విన్నవింపదలచితిని.

పిల్లవాని తొడయో పిక్కయో వాచి గట్టిపడినచో మనవారు బెణుకందురు, లేదా గడ్డయందురు. ఆముదము కాచి మర్దనము చేయింతురు. పెక్కుమార్లు అది బెణుకే కావచ్చును. కాని ఆ బిడ్డకు పుట్టుకతో వచ్చిన రక్తదోషమున్నచో సంగతి వేరు. అట్టివానిలో ముఖ్యమైనవి రెండు.

మొదటిది సికిల్ సెల్ వ్యాధి. దీనిని 1910లో షికాగో నగర వైద్యుడు హెరిక్ వైద్యపత్రికలో వర్ణించెను. మన దేశమున 1952లో నీలగిరి గిరిజనులలో కనుగొన్నట్లు ప్రకటించిరి. పశ్చిమ ఒడిశాలో ఇది విరివిగా కలదు. గిరిజనులకు మాత్రమే పరిమితము గాదు. ప్రాణవాయువు తగ్గినపుడు ఎర్రకణములు కొడవలివలె వంగి, బిరుసెక్కి, సన్నని రక్తనాళముల నడ్డగించును. తరచుగా ఎముకలయందు నొప్పి పుట్టును. అరుదుగా కండరములకే రక్తమందక అవి వాచును, జ్వరము వచ్చును, కొంత కండ చచ్చిపోవుటయు కలదు. ఎముకకు చీము పట్టినను, నాళమున రక్తము గడ్డకట్టినను ఇట్లే కనబడును గనుక వైద్యులు సైతము తికమకపడుదురు. ఎమ్మారై చిత్రము ఇచట మిక్కిలి ఉపకరించును.

రెండవది హీమోఫీలియా. ఇది ప్రాయికముగా మగపిల్లలకు వచ్చును. రక్తము గడ్డకట్టుటకు కావలసిన ఎనిమిదవ లేదా తొమ్మిదవ అంశము తక్కువగుటచేత, చిన్న దెబ్బకే, ఒక్కొక్కపుడు దెబ్బ లేకయే, కండలోపల రక్తము స్రవించును. పైకి కనబడునది వాపే. లోపల ఉన్నది రక్తము. నడుమునుండి తొడకు దిగు లోతైన కండరమున రక్తము చేరినచో, కడుపునొప్పి వచ్చి అపెండిక్సు వాపని భ్రమ కలిగించును. ఆ భ్రమతో కత్తి పెట్టినచో ప్రాణాపాయము.

రెంటికిని వాపొక్కటే, చికిత్స మాత్రము వేరు. హీమోఫీలియాలో లోపించిన అంశమును వెంటనే నరముద్వారా ఎక్కింపవలయును. గుడ్డలో చుట్టిన మంచును కొలదిసేపు ఉంచుటయు కలదు. సికిల్ రోగికి ఆ చల్లదనమే నాళములను ముడిచి నొప్పి పెంచును. అతనికి నీరు, వెచ్చదనము, నొప్పిమందు కావలెను. హీమోఫీలియా బిడ్డకు మర్దనము, ఆస్పిరిన్, కండకు పొడుచు సూది — ఈ మూడును కూడవు. ఎవరికైనను అవయవము బిగిసి, తిమ్మిరెక్కి, వ్రేళ్లు కదలనిచో గడియైనను ఆలసింపరాదు.

ఇక మన ప్రత్యేక కష్టము. గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో మనము తరతరములుగా ఉన్నను, ఇంటి ఆడువారిలో కొందరికి నొప్పి చెప్పుకొన వచ్చునది తెలుగుననే. రాత్రివేళ వైద్యుడు ఒడియాలో అడుగును. తల్లి తెలుగున ఏడ్చును. కనుక వ్యాధి పేరు, రక్తవర్గము, కూడని మందులు ఒడియాలోను ఆంగ్లమునను వ్రాసిన చీటిని బిడ్డ జేబులో ఉంచుడు. వ్రాయించి ఇచ్చు భారము సంఘము వహింపవలెనని నా ప్రతిపాదన.

మరియొక మాట చెప్పక తప్పదు. మనవి కొలది కుటుంబములు, మేనరికములు మెండు. తల్లిదండ్రులిరువురును సికిల్ వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నూటికి ఇరువదియైదు పాళ్ల అవకాశము కలదు. తూకము చూడక బస్తా దింపుకొనము గదా! సంబంధము కుదుర్చుకొనుటకు ముందు రక్తపరీక్ష చేయించుటలో అవమానమేమి? వాహకుడు రోగి గాడు. అతనిని వెలివేయుట అన్యాయము. హీమోఫీలియా బిడ్డను కన్న కోడలిని నిందించుటయు అట్టిదే. రమారమి మూడవవంతు సందర్భములలో కుటుంబమున పూర్వమెన్నడును లేకయే అది వచ్చును.

సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున సికిల్ సెల్, హీమోఫీలియా, తలసీమియా మూడును చేరియున్నవి. ఆ హక్కులు భాషనుబట్టి ఇచ్చునవి గావు, అడిగినవారికి దక్కునవి. పత్రములు నింపలేనివారు నా దుకాణమునకు రండు, కూర్చుండి నింపుదము.