మంచం కింద ఇటుకలు

(మహిళా సంఘం సమావేశంలో స్లాబ్ పని చేసే ఒక అక్క మాట్లాడింది. ఆమె చెప్పిన మాటలు ఇవి.)



నన్ను మాట్లాడమన్నారు. నాకు ఉపన్యాసాలు రావు. వరంగల్‌లో పన్నెండేండ్లుగా స్లాబ్ పనికి పోతున్నాను. తట్టలు మోసీ మోసీ చేతులు కాయలు కాసినాయి. ఆ చేతులతోనే రాత్రి బడిలో బలపం పట్టాను. ఈ రోజు మీకు ఒక బండి సంగతి చెబుతాను.

"బండి సంగతి మనకెందుకు? అది మగవాళ్ల పని గదా!" అనకండి. ఆ బండి మీద కూర్చొని కూలికి పోయేది మనం. ఆ బండి కోసం సంఘంలో అప్పు తీసేది మనం. బండి బోల్తా పడితే చేతులు, కాళ్లు విరిగేది మనకే. అందుకని వినండి.

తమ్ముడి బండి

మా తమ్ముడు 2021 లో ఒక పాత పికప్ బండి కొన్నాడు. ముందు కట్టే పైసల కోసం నేను సంఘంలో లోను తీసి ఇచ్చాను. మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలేవాడు. మిగతా రోజుల్లో స్లాబ్ పనికి వచ్చేవాడు. కంకర, సిమెంటు కలిపే మిల్లర్ ఉంటుంది గదా! దాన్ని బండి వెనక తగిలించేవాడు. మేం పది మందిమి బండి పైన ఎక్కేవాళ్లం.

బస్తాలు వేసినప్పుడు, మిల్లర్ కట్టినప్పుడు బండి వెనక భాగం కుంగేది. తమ్ముడు ఒక షెడ్డుకు తీసుకుపోయాడు. ఆ షెడ్డులో ఏమన్నారంటే, "కమాన్ పట్టీల కింద ఇనుప దిమ్మలు పెడితే బండి లేస్తది. ఇగ కుంగదు" అన్నారు. రెండు పక్కలా మూడేసి అంగుళాల దిమ్మలు పెట్టారు. బండి వెనక భాగం లేచి నిలబడింది. తమ్ముడు మురిసిపోయాడు. నిజం చెప్పాలంటే నేను కూడా మురిసిపోయాను.

చెరువు కట్ట మీద

2023 ఎండాకాలంలో ఒక ఊరికి స్లాబ్ పనికి పోతున్నాం. చెరువు కట్ట దిగే చోట వెనక మిల్లర్ ఊగడం మొదలైంది. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి. "ఏందిరా తమ్మీ, ఇట్ల ఊగుతుంది?" అని అరిచాను. వాడు బ్రేకు కొట్టాడు. కింద 'టక్'మని చప్పుడైంది. బండి పక్కకు గుంజుకుపోయి ఒక తాటి మొద్దుకు ఆనుకుంది. ఆ మొద్దు లేకపోతే చెరువులో ఉండేవాళ్లం.

మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. మా వదిన మణికట్టు విరిగింది. ఆమెకు మూడు నెలలు కూలి లేదు. ఆమె ఇంట్లో ఆ మూడు నెలలు ఎట్లా గడిచాయో నాకు తెలుసు.

దిగి చూస్తే ఎడమ పక్క దిమ్మ జరిగి ఉంది. దాన్ని పట్టి ఉంచే యూ బోల్టులు వదులయ్యాయి. ఇరుసు వంకర పోయింది.

తప్పు ఎక్కడ జరిగింది?

తరవాత ఒక పెద్ద మేస్త్రి బండి కిందికి నన్ను కూడా పిలిచి చూపించాడు. నాకు అర్థమైనట్టు మీకు చెబుతాను.

మంచం వదులైంది అనుకోండి. పడుకుంటే నడుము నేలకు తగులుతుంది. కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. మంచం ఎత్తైంది. నవారు గట్టిపడిందా? లేదు. బండి కింద దిమ్మ కూడా అంతే. బరువు మోసేవి కమాన్ పట్టీలు. దిమ్మ వాటిని ఎత్తు చేస్తుంది గాని వాటికి బలం ఇవ్వదు. ఎత్తు చూసి మనం బలం అనుకున్నాం. ఇంకా నాలుగు బస్తాలు ఎక్కువ వేశాం.

రెండో మాట. బండి కదిలినప్పుడు, బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలి తిరగాలని చూస్తుంది. పట్టీ దాన్ని ఆపుతుంది. మధ్యలో దిమ్మ పెడితే ఆ మెలి ఇంకా ఎక్కువ బలంగా పట్టీని తిప్పుతుంది. బిగిసిన నట్టును పొడుగు పానాతో తిప్పితే తొందరగా తిరుగుతుంది గదా, ఇదీ అంతే. అందుకే బోల్టులు వదులవుతాయి. దిమ్మ మీద దిమ్మ పెడితే ఇంకా ప్రమాదం.

మూడో మాట మిల్లర్ గురించి. మీ ఇంట్లో ఎడ్ల బండి ఉండేదా? బరువు అంతా వెనక్కి పడితే ఏమయ్యేది? కాడి పైకి లేచేది. ఎడ్ల మెడకు ఉరి పడేది. అందుకే మన పెద్దలు బస్తాలు సర్ది, కాడి మీద కొంచెం బరువు పడేటట్టు చూసేవాళ్లు. పికప్ వెనక కట్టే ట్రాలీకీ అదే లెక్క. ట్రాలీ మొత్తం బరువులో పదో వంతు కొక్కెం మీద పడాలి. ట్రాలీ 600 కిలోలు అనుకుంటే కొక్కెం మీద 60 కిలోలు ఉండాలి. బండి వెనక భాగం లేపితే కొక్కెం కూడా లేస్తుంది. ట్రాలీ ముక్కు పైకి చూస్తుంది. బరువు వెనక్కి జారుతుంది. కొక్కెం మీద బరువు తగ్గుతుంది. అప్పుడు ట్రాలీ పాము తోకలాగా ఊగుతుంది. దానికి సొంత బ్రేకు లేకపోతే దిగుడులో ముందు బండిని తోస్తుంది. చెరువు కట్ట మీద మాకు జరిగింది ఇదే.

నాలుగో మాట. కొన్ని బండ్లలో వెనక భాగం ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకుకు బలం పంపే చిన్న పరికరం ఉంటుంది. బండి కుంగితే బరువు ఉందని దానికి తెలుస్తుంది. దిమ్మలు పెడితే అది మోసపోతుంది. "బండి ఖాళీగా ఉంది" అనుకుంటుంది. వెనక బ్రేకు తక్కువ పడుతుంది.

దిమ్మలన్నీ చెడ్డవే అని నేను అనడం లేదు. కొన్ని బండ్లకు కంపెనీవాళ్లే లెక్క వేసి దిమ్మలు పెడతారు. ఆ లెక్క వేరు. షెడ్డులో కంటితో చూసి పెట్టిన దిమ్మ వేరు.

చట్టం ఏమంటుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని అది చెబుతుంది. 2019 లో చట్టాన్ని సవరించారు. అట్లా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా వేయవచ్చు. ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు.

ఇంకొక మాట ఉంది. ఇది మనసులో పెట్టుకోండి. సరుకుల బండిలో ఊరికే ఎక్కిన మనిషికి దెబ్బ తగిలితే బీమా కంపెనీ డబ్బు కట్టనక్కర లేదని సుప్రీంకోర్టు 2002 లో చెప్పింది. మా వదినకు బీమా పైసలు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. బండికి బీమా ఉంది. మనిషికి లేదు.

2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మనలాంటి ఆడవాళ్లే. అక్కడ దిమ్మల సంగతి లేదు. కాని సరుకుల ట్రాలీలో మనుషులు ఎక్కారు. మనం రోజూ అట్లాగే ఎక్కుతున్నాం.

అంకెలు చదువుదాం

బండి కార్డు మీద మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. కాని అంకెలు మనం చదవగలం. అందులో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు. రెండోది సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు. సరుకుల బండి ఎడమ పక్కన రంగుతో కూడా రాస్తారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసివేయాలి. తీసివేత మనం నేర్చుకున్నదే.

మొత్తం బరువు 3,000 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకుందాం. తీసివేస్తే 1,300 కిలోలు. డ్రైవరు, ఇంకొక మనిషి కలిపి 130 కిలోలు. మిగిలింది 1,170 కిలోలు. మిర్చి బస్తా 40 కిలోలు అయితే ఎన్ని బస్తాలు? 29 బస్తాలు. ముప్పయ్యో బస్తా ఎక్కువే. వెనక ట్రాలీ కడితే కొక్కెం మీద పడే బరువును కూడా ఇందులో కలపాలి.

నేను ఈ లెక్క కాగితం మీద వేసి తమ్ముడికి చూపించాను. వాడు నలభై బస్తాలు వేసేవాడు. "అక్కా, కిరాయి తగ్గుతది" అన్నాడు. "వదిన చెయ్యి విరిగిన ఖర్చు ఎంతరా?" అని అడిగాను. వాడు మాట్లాడలేదు.

మేం ఏం చేశాం?

దిమ్మలు తీయించాం. అలసిపోయిన కమాన్ పట్టీలను మార్చి, ఆ బండికి తగినవే వేయించాం. మిల్లర్ కట్టే కొక్కెం ఎత్తును సరిచేయించాం. ఇప్పుడు మిల్లర్ నేలకు సమంగా ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఇంకొకటి చేశాం. మిల్లర్ బండి మీద ఎక్కం అని పది మందిమి ఒక్క మాట మీద నిలబడ్డాం. మేస్త్రి మొదట కోపం చేశాడు. "వేరే కూలీలను తెచ్చుకుంటా" అన్నాడు. రెండు రోజులు పని లేదు. మూడో రోజు ఆటో కిరాయి స్లాబ్ లెక్కలో కలపడానికి ఒప్పుకున్నాడు. ఒక్కదాన్నే అడిగితే నన్ను పంపించేవాడు. పది మందిని పంపలేకపోయాడు.

అక్కలారా, బండికి లోను అడగడానికి ఎవరైనా వస్తే సంఘంలో ఈ నాలుగు అడగండి.

1. బండి కార్డు చూపించు. ఎన్ని కిలోలు మోస్తుంది?
2. కమాన్ పట్టీల దగ్గర దిమ్మలు పెట్టించావా?
3. వెనక ట్రాలీ కడితే అది సమంగా నిలబడుతుందా?
4. మనుషులను ఎక్కిస్తావా?

అప్పు ఇచ్చే చేతికి అడిగే హక్కు ఉంది. సెలవు.

మాట్లాడుకుందాం

1. మీ ఊర్లో కూలికి పోయే ఆడవాళ్లు ఏ బండి మీద పోతున్నారు?
2. ఒక బండి మొత్తం బరువు 2,500 కిలోలు. ఖాళీ బరువు 1,500 కిలోలు. డ్రైవరు బరువు 60 కిలోలు. ఎంత సరుకు వేయవచ్చు?
3. ఆటో కిరాయి ఇవ్వమని మేస్త్రిని మీరు ఎట్లా అడుగుతారు?