ముందు పని, తర్వాత ప్రపోజల్: ఓపెన్ సోర్స్ దరఖాస్తుల గురించి బహుజన విద్యార్థులతో

(జంషెడ్‌పూర్‌లోని సాక్చిలో తెలుగు విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ సాక్చి ఒకప్పుడు చిన్న ఊరు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటుకు దగ్గరగా ఉందని ఉక్కు కర్మాగారం కోసం ఈ నేలను ఎంచుకున్నారు. 1912లో ఇక్కడ ఉక్కు తయారైంది. 1919లో ఊరి పేరు జంషెడ్‌పూర్ అయింది. ఆదివాసుల నేల మీద లేచిన ఈ పట్నానికి శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి పని కోసం రైలెక్కి వచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు మీలో చాలామంది ఉన్నారు. కొత్త ఊళ్లో పని దొరకాలంటే ముందే వచ్చి కుదురుకున్నవాళ్లు ఒక మాట చెప్పాలి. కంప్యూటర్ రంగంలోనూ నడుస్తున్నది ఇదే. ఫలానా ప్రోగ్రాం ఉంది, ఫలానా నెలలో మొదలుపెట్టు అని చెప్పే మనిషి కొందరి ఇంట్లోనే ఉంటాడు, చాలామందికి ఎక్కడా ఉండడు. ఈ తేడాను ఎలా దాటాలన్నదే ఈరోజు నేను మాట్లాడదలచుకున్న విషయం.

ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా చదవగల, మార్చగల, పంచుకోగల సాఫ్ట్‌వేర్. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్, లినక్స్, వికీపీడియాను నడిపే మీడియావికీ అన్నీ ఇలాంటివే. వీటిలో పని చేస్తూ నేర్చుకోవడానికి డబ్బు కూడా ఇచ్చే ప్రోగ్రాములున్నాయి. ఈరోజు రెండింటి గురించే చెబుతాను.

మొదటిది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. 2005లో సుమారు 400 మంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పటివరకు 20,000 మందికి పైగా ఇందులో పనిచేశారు. డబ్బు గూగుల్‌ది, మెంటర్లు ఆయా ప్రాజెక్టులవాళ్లు. 2022 నుంచి 18 ఏళ్లు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైన ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చు, విద్యార్థే కావాలన్న నియమం పోయింది. ప్రాజెక్టులు 90, 175, 350 గంటలవి ఉంటాయి. స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశంలో ఉన్నవారికి 350 గంటల ప్రాజెక్టుకు 3,000 డాలర్లు ఇస్తూ వచ్చారు. ఇది అందరిలోకీ తక్కువ మెట్టు.

రెండోది అవుట్‌రీచీ. గ్నోమ్ ప్రాజెక్టు 2010లో మహిళల కోసం నడిపిన ఇంటర్న్‌షిప్ పెరిగి ఇలా మారింది. మూడు నెలలు పని, 7,000 డాలర్ల స్టైపెండ్. ఏ దేశంలో ఉన్నా ఒకే మొత్తం. కోడ్ రాయడమే కాక డిజైన్, డాక్యుమెంటేషన్ పనులు కూడా ఉంటాయి. ఒక మెలిక గుర్తుంచుకోండి. గూగుల్ ప్రోగ్రాంలో ఒకసారి చేరినవారికి అవుట్‌రీచీలో అర్హత ఉండదు. రెండూ చేయాలని ఉంటే ముందు ఏది అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఈ రెండింటికీ ఫీజు లేదు, ప్రవేశ పరీక్ష లేదు, మార్కుల కటాఫ్ లేదు. ఐఐటీలకో ఎన్ఐటీలకో విడిగా సీట్లు లేవు. ఇంకేం, అంతా మెరిట్ మీదే కదా అంటారు కొందరు. ఆ మాట దగ్గర కాస్త ఆగుదాం. గూగుల్ ప్రోగ్రాంకు సంస్థల జాబితా సాధారణంగా ఫిబ్రవరిలో వస్తుంది. దరఖాస్తులు మార్చి రెండో సగంలో మొదలై మార్చి చివర్లోనో ఏప్రిల్ తొలి రోజుల్లోనో ముగుస్తాయి. ఏప్రిల్ చివర్లోనో మేలోనో ఫలితాలు. కాగితం మీద చూస్తే అందరికీ ఒకే గడువు. కానీ ఎంపికయ్యేవాళ్లలో చాలామంది అంతకు నాలుగైదు నెలల ముందు నుంచే ఆ ప్రాజెక్టులో కనిపిస్తుంటారు. చిన్న బగ్‌లు సరిచేసి ఉంటారు, మెంటర్‌కు వాళ్ల పేరు తెలిసి ఉంటుంది. ఇది లంచం కాదు, సిఫారసు కాదు. అయినా ఆదిత్యపూర్‌లోని ఎన్ఐటీ హాస్టల్లో సీనియర్ నోట ఈ మాట వినే అవకాశం ఒకరికి ఉంది, సాక్చిలో బీసీఏ చదువుతూ సాయంత్రం ట్యూషన్లు చెప్పే అమ్మాయికి లేదు. సొంత లాప్‌టాప్, ఖాళీ సమయం, ఇంగ్లీషులో అడిగే ధైర్యం, ముందే తెలిసిన కబురు. ఈ నాలుగూ కలిసిన దానికి మెరిట్ అని పేరు పెడితే మనం ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోవడంతో పాటు ఆ నాలుగింటినీ సంపాదించే దారి కూడా చూసుకోవాలి.

మొదట కబురు. మీ లెక్కలో దరఖాస్తు కాలం అక్టోబరులో మొదలవ్వాలి. అవుట్‌రీచీ మే రౌండుకైతే తొలి దరఖాస్తు జనవరి, ఫిబ్రవరిలోనే ఉంటుంది. మన దేశంలో కాలేజీ చదువుతున్నవారికి సాధారణంగా కుదిరేది ఆ రౌండే. గూగుల్ ప్రోగ్రాంలో గత సంవత్సరాల సంస్థల జాబితా అందరికీ కనిపిస్తుంది. ఏటా వచ్చే సంస్థల్లోంచి ఒకటో రెండో ఎంచుకోండి. ఆ సాఫ్ట్‌వేర్‌ను మీ కంప్యూటర్‌లో నడిపించండి. చాలామంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే. నడిచిందంటే సగం పని అయినట్టే. కొత్తవాళ్లకు తగినవని గుర్తు పెట్టిన ఇష్యూల్లోంచి ఒకటి తీసుకోండి.

రెండోది, అడగడం. "సర్, నాకు ఆసక్తి ఉంది, దయచేసి గైడ్ చేయండి" అని ప్రైవేటుగా మెసేజ్ పెడితే జవాబు రాకపోవచ్చు. ఆ మెంటర్‌కు అలాంటివి వందల్లో వస్తాయి. నేను ఇది చేశాను, ఇలా జరుగుతుందనుకున్నాను, ఇలా జరిగింది, ఎర్రర్ ఇది. ఈ నాలుగు ముక్కలు అందరూ చూసే ఛానెల్లో రాయండి. వ్యాకరణం తప్పినా పర్లేదు, విషయం తప్పకూడదు. అక్కడ ఎవరినీ సర్ అనక్కర్లేదు, పేరుతోనే పిలుస్తారు. తరగతిలో ప్రశ్న అడిగితే వెనక నుంచి నవ్వు వినిపించిన పిల్లలకు నలుగురిలో అడగడం ఎంత బరువో నాకు తెలుసు. అందుకే మొదటి ప్రశ్నను పక్కనున్న స్నేహితులకు చదివి వినిపించి పంపండి.

పేరు కోసం పుల్ రిక్వెస్టులు పంపొద్దు. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో టీషర్టు కోసం పనికిరాని మార్పులు వెల్లువెత్తితే నిర్వాహకులు నిబంధనలే మార్చాల్సి వచ్చింది. ఏఐతో రాయించిన ప్రపోజల్ కూడా అంతే. మీకు అర్థం కాని వాక్యం మీ ప్రపోజల్లో ఉంటే మెంటర్ అడిగే మొదటి ప్రశ్నకే అది బయటపడుతుంది. సమస్య ఏమిటి, ఎలా పరిష్కరిస్తారు, ఏ వారం ఏం చేస్తారు, పరీక్షలు ఏ తేదీల్లో ఉన్నాయి. ఇంత సూటిగా రాస్తే చాలు.

మూడోది, మీ దగ్గర ఉన్న బలం. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం, 'జ్ఞా', కొన్ని ఐఫోన్లలో మెసేజ్‌గా వస్తే యాప్ కుప్పకూలేది. ఆపిల్ దానికోసం ప్రత్యేకంగా అప్‌డేట్ విడుదల చేసింది. మన ఒత్తులు, గుణింతాలు తెరమీద సరిగా కనిపించడం వెనక పెద్ద ఇంజనీరింగ్ ఉంది. అందులో చాలా భాగం హార్ఫ్‌బజ్ వంటి ఓపెన్ సోర్స్ లైబ్రరీల్లో జరుగుతుంది. మీ చుట్టూ సంతాలీ మాట్లాడేవాళ్లున్నారు. పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఓల్ చికి లిపి 2008లో యూనికోడ్‌లోకి వచ్చింది. సంతాలీ వికీపీడియా 2018లో మొదలైంది. తెలుగు, సంతాలీ, హో, హిందీ వినిపించే పట్నంలో పెరిగిన మీకు అక్షరం ఎక్కడ విరుగుతోందో, స్పెల్‌చెక్ ఎక్కడ తప్పుతోందో కనిపిస్తుంది. అది చాలామంది మెంటర్లకు కనిపించదు. దాన్ని ప్రాజెక్టుగా మలచండి.

ఇక మీరు తప్పకుండా అడిగే ప్రశ్న. కులం గురించి రాయాలా?

గూగుల్ ప్రోగ్రాం ఆ విషయం అడగదు. అవుట్‌రీచీ మాత్రం మీ దేశపు టెక్నాలజీ రంగంలో మీరు వివక్ష ఎదుర్కొన్నారా, మీలాంటివారి సంఖ్య తక్కువగా ఉందా అని వ్యాసం రాయమంటుంది. అది బహిరంగ పేజీలో కనిపించేది కాదు. అక్కడ కులం పేరు ఎత్తి రాయొచ్చు. జాలి పుట్టించేలా రాయొద్దు, జరిగింది రాయండి. ఏ తరగతిలో కంప్యూటర్ చూశారు, ల్యాబ్‌లో ఎవరికి కుర్చీ దొరికింది, ప్రాజెక్టు గ్రూపులో మిమ్మల్ని ఎవరు వదిలేశారు. చదివేవారికి మన సమాజం తెలియకపోవచ్చు కనుక కులం అంటే ఏమిటో రెండు వాక్యాల్లో వివరించండి. రాయడం ఇష్టం లేకపోతే మానేయొచ్చు, అది మీ హక్కు. గిట్‌హబ్‌లో ఇంటిపేరు పెట్టి తీరాలన్న నియమం కూడా లేదు.

టెక్నాలజీ లోకంలో కులం లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం కులవివక్ష ఆరోపణతో సిస్కోపై కేసు వేసింది. 2022లో గూగుల్ తన సంస్థలో తేన్‌మొళి సౌందరరాజన్ చేయాల్సిన కులం గురించిన ప్రసంగాన్ని రద్దు చేసింది. ఆ ప్రసంగాన్ని ఏర్పాటు చేసిన తనూజా గుప్తా ఉద్యోగం వదిలేశారు. అదే కాలంలో మరో మార్పూ వచ్చింది. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ప్రవర్తనా నియమావళిగా వాడే కాంట్రిబ్యూటర్ కవనెంట్, 2021లో వచ్చిన 2.1 రూపంలో, వివక్ష చూపకూడని అంశాల జాబితాలో కులాన్ని చేర్చింది. మీరు చేరబోయే ప్రాజెక్టు నియమావళిని తెరిచి ఆ మాట ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్చమని అడగండి. అదీ ఒక కాంట్రిబ్యూషనే.

డబ్బు గురించి ఒక జాగ్రత్త. గూగుల్ స్టైపెండ్ ముందుగా రాదు. మధ్య మూల్యాంకనం పాసయ్యాక సగానికి కాస్త తక్కువ, చివర్లో మిగతాది. అంటే మొదటి డబ్బు జూలై దాకా చేతికి రాదు. ట్యూషన్లు మానేసే ముందు ఇంట్లో ఈ లెక్క చెప్పండి.

చివరిగా బాబాసాహెబ్ నుంచి ఒక విషయం. చదువుకునే కుర్రాడు భీమ్‌రావ్‌ను గమనించి, పుస్తకాలిచ్చి, బరోడా మహారాజు సాయాజీరావు దగ్గర మాట చెప్పింది కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు. 1913లో నెలకు 11.5 పౌండ్ల స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ సెలిగ్మన్ వంటి గురువులు దొరికారు. అయితే ప్రతి పిల్లవాడికీ ఒక కేలూస్కర్ తారసపడతాడని ఆయన అనుకోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, మరుసటి ఏడాది సిద్ధార్థ కాలేజీ స్థాపించారు. అదృష్టం మీద ఆధారపడిన దాన్ని సంస్థగా మార్చారు. బెంగళూరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ఒక బస్తీ పిల్లలతో కలిసి నడిపిన అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ ఆ దారిలోదే. వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లు, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లతో అది నడిచింది.

మీరు ఇంటికెళ్లే ముందు ఐదుగురు చొప్పున గుంపులుగా పేర్లు రాసుకోండి. వారానికి రెండు సాయంత్రాలు, ఉన్న లాప్‌టాప్‌లు పంచుకుని, ఒకే ప్రాజెక్టు మీద కూర్చోండి. కోడ్, ప్రపోజల్ ఎవరివి వారివే. నేర్చుకోవడం, ఒకరి ప్రపోజల్ ఒకరు చదివి తప్పులు చెప్పడం మాత్రం కలిసి చేయండి. ఐదుగురికీ రాకపోవచ్చు. ఒక్కరికి వచ్చినా, వచ్చే అక్టోబరులో ఈ గదిలో ఈ విషయం చెప్పాల్సింది ఆ ఒక్కరే. ఎవరికీ రాకపోయినా మీరు రాసిన కోడ్ మీ పేరుతో అక్కడే ఉంటుంది, మరుసటి ఏడాది అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

జై భీమ్.