జమాత్‌ల మా మాట కూడ ఉండాలె

(ఉద్యోగులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న మహిళా హక్కుల సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ముస్లిం స్త్రీల హక్కుల మీద మాట్లాడమన్నరు. ఈ మాట వినంగనే అందరికీ రెండే గుర్తొస్తయి. ఒకటి తలాక్, రెండోది బుర్ఖా. టీవీల పుణ్యమా అని ఇంతమంది ఆడోళ్ల బతుకు ఆ రెండు మాటల్ల ఇరుక్కపోయింది. అందుకే మేము ఆ రెంటితోని మొదలు పెట్టం. పుదుక్కోట్టైతోని మొదలు పెడతం.

పుదుక్కోట్టై తమిళనాడులో ఒక జిల్లా కేంద్రం, తిరుచిరాపల్లికి దక్షిణాన ఉంటది. అక్కడ దావూద్ షరీఫా ఖానం అనే ముస్లిం స్త్రీ ‘స్టెప్స్’ అనే మహిళా సంస్థను నడిపింది. అలీగఢ్‌కు పోయి చదువుకున్నందుకు ఆమెకు హిందీ వచ్చింది. 1988లో పట్నాలో దేశవ్యాప్త మహిళా సంఘాల సదస్సు జరిగితే, తమిళ స్త్రీలకు దుబాసీగ పోయింది. ఒకరి గోసను ఇంకొకరి భాషలోకి తేవాలంటే ముందు మన నోటితోని పలకాలె గదా. అట్ల పలికి పలికి తిరిగొచ్చిన మనిషి ఊకె కూసోలేదు.

మొదట్ల ఆమె పని ఒక్క ముస్లిం స్త్రీల కోసమే కాదు. ఏ కులమైనా, ఏ మతమైనా, దెబ్బలు తిన్న ఆడిది వస్తే పోలీస్ స్టేషన్‌కు తోడుపోవుడు, కేసు పెట్టిచ్చుడు. అయితే ఒక తేడా కనబడ్డది. మిగిలిన ఆడోళ్లు పోతే పోలీసులు తిట్టో, కసిరో, ఆఖరికి కాయితం తీసుకుంటున్నరు. ముస్లిం స్త్రీ పోతే మాత్రం “మీ జమాత్‌కు పోండ్రి, అది మీ మతం సంగతి” అని వాపస్ పంపుతున్నరు. సర్కారు తన బాధ్యతను దులుపుకునేటందుకు మతాన్ని గౌరవిస్తున్నమనే మాటను అడ్డం పెట్టుకుంటది. ఇది ఒక్క తమిళనాడు ముచ్చటే అనుకోకుండ్రి.

జమాత్ అంటే ఏందో మన దగ్గర కొందరికి తెల్వకపోవచ్చు. మన హైదరాబాద్‌ల నిజాం కాలం నుంచి కాజీల పద్ధతి నడుస్తున్నది. నిఖా కాజీ చేస్తడు, సర్టిఫికెట్ వక్ఫ్ బోర్డు ఇస్తది. తమిళనాడులో అట్ల కాదు. మసీదు మసీదుకు ఒక జమాత్ ఉంటది. అంటే ఆ మహల్లా మగ పెద్దల కమిటీ. పెండ్లి వాళ్ల రిజిస్టర్లనే ఎక్కాలె. తగాదా వస్తే వాళ్లే తీర్పు చెప్పాలె. మన ఊర్ల కుల పంచాయితీ తీరే అనుకోండ్రి. కూసునేది మసీదుల. ఆ మసీదులకు ఆడోళ్లను రానియ్యరు. మరి తలాక్ ఇచ్చిన మొగడు లోపట కూసుండి తన కథ తాను చెప్పుకుంటడు. ఆమె తరఫున తండ్రో, అన్నో పోయి నిలబడాలె. ఆ ఇద్దరూ లేనోళ్లకు ఎవ్వరూ లేరు. తన బతుకు మీద తీర్పు అయితున్నప్పుడు తాను గడప అవతల ఉండాలె. కట్నంలో ఇంత శాతమని జమాత్‌కు కట్టే ఆనవాయితీ కూడ కొన్నిచోట్ల ఉన్నదని షరీఫా బయటపెట్టింది. ఇస్లాంల కట్నం లేదు, మెహర్ ఉన్నది. మెహర్ అంటే మగోడు ఆడిదానికి ఇచ్చేది. దాన్ని తిరగేసి లక్షలు ఆడపిల్ల తండ్రి దగ్గర వసూలు చేసి, నిఖానామాల మెహర్ కాలమ్‌ల నామమాత్రంగ ఇంత రాసి చేతులు దులుపుకుంటరు. మతాన్ని కాపాడుతున్నమని చెప్పే పెద్దమనుషులకు ఆ రిజిస్టర్ల మతం యాద్‌కు రాదు.

అప్పుడు షరీఫా, ఆమెతోని ఉన్న ఆడోళ్లు ఏం చేసిన్రంటే, 2000ల తొలి ఏండ్లల్ల తమ జమాత్‌ను తామే పెట్టుకున్నరు. తమిళనాడు ముస్లిం స్త్రీల జమాత్. ఇది ధర్నా చేసి ఇంటికి పోయే సంఘం కాదు. కూసుంటరు, అర్జీలు చదువుతరు, ఏ జిల్లా నుంచి వచ్చిన కేసైతే ఆ జిల్లాకు తమ మనుషుల్ని పంపి విచారిస్తరు. మొగడ్ని పిలిపిస్తరు. ఆ ఊరి మగ జమాత్‌కు లేఖ రాస్తరు. అటు నుంచి జవాబు రాకపోతే పోలీసులకు, కలెక్టర్‌కు పోతరు. సదువురాని బీద ఆడోళ్లు ఒక దగ్గర కూసుండి షరియత్‌ల ఏమున్నది, చట్టంల ఏమున్నదని తర్కిస్తరు. దీపా ధన్‌రాజ్ దీని మీద 2011లో ‘ఇన్‌వోకింగ్ జస్టిస్’ అని డాక్యుమెంటరీ తీసింది. హాస్టల్ పిల్లలు తప్పకుండ చూడాలె. అండ్ల ఒక్క ఉపన్యాసం వినబడదు, అన్నీ పంచాయితీలే.

ఆ తర్వాత ఇంకో మాట అన్నది షరీఫా. తీర్పులు మసీదుల చెప్తున్నరు, మసీదుల మాకు జాగ లేదంటున్నరు, కాబట్టి మా మసీదు మేమే కట్టుకుంటం అన్నది. అప్పుడు చూడాలె లొల్లి. బెదిరింపులు, తిట్లు, ‘మతానికి ద్రోహం’ అనే మాటలు. పైసల్లేక ఆ కట్టడం చాలాకాలం ఆగిపోయింది కూడ. కానీ ఆమె అడిగిన దాంట్ల మతానికి విరుద్ధం ఏమున్నది? మక్కాల హజ్ చేసే ఆడోళ్లు, మగోళ్లు ఒక్క ప్రాంగణంలనే నమాజ్ చేస్తరు. 2020 జనవరిలో ముస్లిం పర్సనల్ లా బోర్డే సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది, మసీదులకు పోయి నమాజ్ చేసే హక్కు ఆడోళ్లకు ఉన్నదని. పుదుక్కోట్టై ఆడోళ్లు అడిగినంక ఎన్నేండ్లకు వచ్చింది ఆ మాట, మీరే లెక్క చూసుకోండ్రి.

ఇక్కడ మన ప్రగతిశీల మిత్రులకు ఒక సందేహం వస్తది. మతాన్ని పట్టుకొని హక్కులేంది, మతాన్నే వదిలేయొచ్చు గదా అని. వదిలేసేటోళ్లు వదిలేస్తరు, అది వాళ్లిష్టం. కానీ షరీఫా లాంటోళ్లు ఖురాన్‌ను మౌల్వీలకు ఒప్పజెప్పి బయటికి పోదల్చుకోలేదు. తలాక్ గురించి రెండో సూరాల 229వ ఆయతు ఏం చెప్తున్నది, దంపతుల తగాదాల ఇరువైపుల నుంచి చెరొక మధ్యవర్తిని పెట్టమని నాలుగో సూరా 35వ ఆయతు చెప్తుంటే ఒక్క ఊపిరిల మూడుసార్లు తలాక్ ఎక్కడిదని అడుగుతున్నరు. ఆ మధ్యవర్తుల్ల ఒకరు ఆమె వైపు మనిషి ఉండాలె. జమాత్‌ల ఆమె వైపు ఎవరున్నరు? ప్రశ్న ఇంత సాదా. దీనికి జవాబు చెప్పలేకనే గదా ద్రోహి అనే మాట!

పుదుక్కోట్టై ఒక్కటే అనుకోవద్దు. లక్నోల షాయిస్తా అంబర్ 2005లో ముస్లిం స్త్రీల పర్సనల్ లా బోర్డు పెట్టింది. గుజరాత్‌ల 2002 మారణకాండ తర్వాత బాధితులతోని పనిచేసిన జకియా సోమన్, ముంబైల నూర్జహాన్ సఫియా నియాజ్ కలిసి 2007లో భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ మొదలు పెట్టిన్రు. హాజీ అలీ దర్గా లోపటికి ఆడోళ్లను రానియ్యమంటే కోర్టుకు పోయిన్రు, 2016 ఆగస్టులో బొంబాయి హైకోర్టుల గెలిచిన్రు.

మన ఉద్యోగ మిత్రులకు సులువుగ సమజయ్యే ముచ్చటొకటి చెప్తం. 2005లో భోపాల్‌ల పర్సనల్ లా బోర్డు ఒక నమూనా నిఖానామా తయారు చేసింది. ఒక్కసారే మూడు తలాక్‌లు చెప్పుడు మంచిది కాదు, మానుకోవాలె అని హితవు. హితవు అంతే, బంద్ చేస్తున్నమని లేదు. తప్పితే ఏం చేస్తరో లేదు. మనకు 610 జీవో ఎట్లనో, వాళ్లకు ఆ నిఖానామా అట్ల. 610 వచ్చింది 1985 డిసెంబర్ 30న. 1986 మార్చి 31 కల్లా అమలు కావాలె. ఏమైందో ఈ సభల కూసున్న రిటైర్డ్ సార్లను అడగండ్రి.

1985 అంటే ఇంకోటి కూడ యాద్‌కు వస్తది. ఆ ఏడాది ఏప్రిల్ 23ననే షా బానో కేసుల సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇందోర్ ఆమె, పెండ్లై నలభై ఏండ్లు దాటినంక మొగడు ఇంట్ల నుంచి ఎల్లగొట్టిండు. మధ్యప్రదేశ్ హైకోర్టు ఆమెకు ఇయ్యమన్నది నెలకు 179 రూపాయల 20 పైసలు. ఆ పైసల కోసం దేశమంత అట్టుడికింది. 1986లో రాజీవ్ గాంధీ సర్కారు ఆ తీర్పును పక్కకు నెట్టే చట్టం తెచ్చింది. ఒకవైపు మౌల్వీలను ఖుషీ చేసుడు, ఇంకోవైపు అదే 1986 ఫిబ్రవరిల అయోధ్యల తాళాలు తెరుచుడు. నడుమ ఆ ముసలమ్మ. ఆఖరికి ఆమెనే ఆ తీర్పు నాకొద్దు అనేదాక తెచ్చిన్రు.

2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు ఇద్దరు తేడాతోని ఒక్కసారి చెప్పే మూడు తలాక్‌లు చెల్లవన్నది. కోర్టుకు పోయినోళ్లు ముస్లిం ఆడోళ్లే. ఘనత చెప్పుకున్నది మాత్రం గుజరాత్ మారణకాండ అప్పుడు ఆ రాష్ట్రాన్ని ఏలినోళ్లు. 2019లో చట్టం తెచ్చిన్రు, మూడు తలాక్‌లు చెప్పిన మొగనికి మూడేండ్ల దాక జైలు. దీని మీద ముస్లిం స్త్రీల సంఘాల్లనే రెండు అభిప్రాయాలున్నయి. జకియా సోమన్ వాళ్లు చట్టం కావాలన్నరు. సుప్రీంకోర్టుల మూడు తలాక్‌లకు వ్యతిరేకంగ వాదించిన బేబాక్ కలెక్టివ్ వాళ్లు జైలు శిక్ష వద్దన్నరు. మా అభిప్రాయం చెప్పమంటే, చెల్లదని కోర్టు అన్నంక ఇంక ఆ మాటకు విలువే లేదు. విలువ లేని మాటకు జైలేంది? మొగడు జైల్ల ఉంటే ఖర్చులకు పైసలు ఎవరియ్యాలె? ఏ మతపోడైనా పెండ్లాన్ని వదిలేసి పోతే అది సివిల్ తగాదా, ముస్లిం మొగడు మూడు మాటలంటే నేరమా? ఆడోళ్ల మీద ప్రేమ ఉన్నోళ్లు రాసే చట్టం అట్ల ఉండదు.

అయితే, వాళ్లు వాడుకుంటరు కాబట్టి మీరు మాట్లాడకుండ్రి అంటే మేము ఒప్పుకోం. ‘ఇప్పుడు సమయం కాదు’ అనే మాట తెలంగాణ ఆడోళ్లకు కొత్తది కాదు. ముందు రాష్ట్రం రానియ్యి, ఆడోళ్ల సంగతి తర్వాత చూద్దమన్నరు. ధూంధాంల పాడినం, వంటా వార్పు చేసినం, రైలు పట్టాల మీద కూసున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. తొలి మంత్రివర్గంల ఎంతమంది ఆడోళ్లు? ఒక్కరు లేరు. 2019 సెప్టెంబర్ దాక లేరు. ఐదేండ్లు దాటింది. ముస్లిం అక్కలకు ఇప్పుడు వద్దు తర్వాత చూద్దమని వాళ్ల పెద్దలు చెప్తే మాకు నవ్వొస్తది, ఆ పాఠం మేము ముందుగాలనే సదివినం.

మన గడ్డ మీద ఈ మాట ఎత్తినోళ్లు లేరా అంటే ఉన్నరు. సుగ్రా హుమాయూన్ మీర్జా హైదరాబాద్ బిడ్డ. ఉర్దూల నవలలు, యాత్రాకథనాలు రాసింది, ఆడోళ్ల పత్రికలు నడిపింది, పర్దా వదిలి సభల్ల మాట్లాడింది. 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా బడి పెట్టింది. హుమాయూన్ నగర్ మీదుగ రోజూ బస్సుల పోయే ఉద్యోగులెంతమందికి ఆమె పేరు తెలుసో! ఉద్యమంల మనం మరుగున పడ్డ కవులను, వీరులను తవ్వి తీసినం. ఆ తవ్వకంల సుగ్రా చాలా మందికి దొరకలేదు.

పాతబస్తీ ఇంకో ముఖం కూడ చెప్పకుంటే ఈ ఉపన్యాసం అబద్ధమైతది. గల్ఫ్ ముసలోళ్లు వచ్చి బీదింటి పిల్లలను నిఖా పేరుతోని కొనుక్కపోవుడు మన నగరంల ఏండ్ల తరబడి నడిచింది. 2017 సెప్టెంబర్‌ల హైదరాబాద్ పోలీసులు ఒమన్, ఖతార్ దేశస్తులతోపాటు కాజీలను కూడ అరెస్టు చేసిన్రు. అది మతం వల్ల జరిగిందనేటోళ్లు పాతబస్తీ కిరాయి ఇండ్లు చూడలేదు. పేదరికం వల్లనే అనేటోళ్లు ఆ కాయితాల మీద ముద్రలేసిన చేతులను చూస్తలేరు. రెండూ ఉన్నయి.

ఇగ మంచి మాట. 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులైన ముస్లిం స్త్రీ కూడ సీఆర్పీసీ 125 కింద భరణం అడగొచ్చని తేల్చి చెప్పింది. ఆ కేసు పోయింది మన తెలంగాణ నుంచే. ఫ్యామిలీ కోర్టు నెలకు ఇరవై వేలియ్యమంటే మన హైకోర్టు పది వేలకు తగ్గించింది. అది కూడ ఇయ్యనని మొగడు ఢిల్లీ దాక పోయి ఓడిపోయిండు. ఆ 125 సెక్షన్ ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌ల 144 అయింది, నంబర్ రాసుకోండ్రి. 2025 జూన్‌ల మన హైకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. ఖులా, అంటే ఆడిది తనంతట తాను పెండ్లి నుంచి బయటపడే హక్కు, సంపూర్ణమైంది, మొగడు ఒప్పుకోవాల్సిన పని లేదు, ముఫ్తీ మాట సలహానే తప్ప తీర్పు కాదు అని. షరీఫా జమాత్‌ల కూసున్న ఆడోళ్లు ఎన్నో ఏండ్ల కింద అడిగిన మాటలే ఇవి.

తీర్పులు వచ్చినయి, కానీ బార్కస్‌ల ఉన్న చెల్లెకు, బోధన్ల బీడీలు చుట్టే అక్కకు ఎవరు చెప్పాలె? లా చదివే విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నరు. వాళ్లకు మాదొక పని. నిఖానామాల షరతులు రాసుకునే వీలుంటది. తలాక్ చెప్పుకునే అధికారం మొగడు పెండ్లానికి ఇచ్చే తఫ్వీజ్ అనే పద్ధతి షరియత్‌లనే ఉన్నది. ఆ షరతులు ఎట్ల రాయాలెనో ఉర్దూల, తెలుగుల ఒక్క కాయితం మీద అచ్చేసి ఇయ్యండ్రి. ఉద్యోగులకు ఇంకోటి. మీ ఆఫీసుల అటెండర్ బిడ్డ నిఖాకు పిలుపొస్తే, బిర్యానీకి ముందు పోండ్రి, మెహర్ కాలమ్ రాసే టైముకు పోండ్రి. పిల్లను అడిగి రాస్తున్నరా లేదా చూడండ్రి. కాయితాలు అచ్చయినంక పంచేటందుకు మేము తయారుగున్నం. పేర్లు ఇచ్చేటోళ్లు సభ అయినంక స్టేజీ ఎడమ పక్కకు వస్తే రాసుకుంటం.