ఇంటివద్దనే కారు ముందు బ్రేకులు మార్చుకొనుట



ఇదివరకు ఇంటిముందు ఎడ్లబండి ఉండేది. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ చోటనే ఒక చిన్న కారు చేరింది. పెద్దల్ని ఆసుపత్రికి, పిల్లల్ని కాలేజీకి, కోతలయ్యాక ఇంటిల్లిపాదినీ తిరుపతికి తీసుకుపోయేది ఆ కారే. ఎడ్లకు మేత వేశామా, కుడితి పెట్టామా అని రోజూ చూచుకునేవాళ్లం. కారు దగ్గరకు వచ్చేసరికి మాత్రం పెట్రోలు పోస్తే చాలుననుకుంటాము. నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ నిర్లక్ష్యం వల్ల నాకు జరిగినది చెప్పి, ముందు చక్రాల బ్రేకులు ఎట్లా మార్చుకోవాలో ఈ పూట మనవి చేస్తాను.

ముందుగా ఈ బ్రేకు ఎట్లా పని చేస్తుందో చూతాము. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్లెం ఒకటి ఉంటుంది. దాన్ని డిస్కు అంటారు, రోటారనీ అంటారు. దానికి ఇరుపక్కలా రెండు ప్యాడ్లు ఉంటాయి. వాటిని పట్టుకొని ఉండే ఇనుప దవడ పేరు క్యాలిపరు. మనం పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడికి క్యాలిపరులోని పిస్టను ముందుకు వచ్చి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ఆ రాపిడికి బండి వేగం వేడిగా మారిపోతుంది. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సు దేశపు లె మాన్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వారు కారు గెలిచిన తరువాత లోకమంతా దీనివైపు చూసింది.

బ్రేకు వేసినప్పుడు మనం ముందుకు తూగుతాము గదా! బండి బరువు కూడా అట్లాగే ముందుకు తూగుతుంది. అందుచేత ముందు చక్రాల బ్రేకులకే పని ఎక్కువ, అరుగుదల కూడా వాటికే ఎక్కువ. 

ప్యాడు అంటే నాగటికి కర్రు వంటిది. అరగడానికే దాన్ని పెట్టారు. కర్రు అరగడం తప్పు కాదు, అరిగిన కర్రుతో దున్నడమే తప్పు. కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు, అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెట్టినంతకు వచ్చిందంటే మార్చవలెను. చాలా ప్యాడ్లకు చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. ప్యాడు అరిగేసరికి అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. అది మనకు చేసే హెచ్చరిక.

నా కారు ఆ హెచ్చరిక చేసింది. వరికోతల రోజులు, తీరిక లేదని ఊరుకున్నాను. కొన్ని వారాలకు ఆ కీచు గరగరగా మారింది. అప్పటికి పదార్థమంతా పోయి, వెనకనున్న ఇనుప రేకు డిస్కును కొరికేస్తున్నది. చక్రం విప్పి చూస్తే డిస్కు మీద నాగటి చాళ్ల వలె గాళ్లు పడినాయి. ప్యాడ్లతో పోయేది డిస్కుల దాకా వచ్చింది. ఖర్చు కొన్ని రెట్లయింది.

ఇక పని సంగతి. మా పక్కింటి కుర్రవాడు మెకానిక్కు షెడ్డులో పని నేర్చినవాడు. అతడు పక్కనుండి చెప్పగా నేను చేశాను. మీరు కూడా మొదటిసారి తెలిసినవారిని దగ్గర పెట్టుకొని చేయండి.

కారును గట్టి, చదునైన నేల మీద నిలపండి. ఇప్పుడే తిరిగివచ్చిన కారయితే డిస్కులు చల్లారనివ్వండి. హ్యాండు బ్రేకు లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి, ఆ తరువాత జాకీ ఎత్తండి. ఎత్తిన వెంటనే కారు కింద గట్టి స్టాండు పెట్టవలెను. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. కేవలం జాకీ మీద నిలిచిన కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదు. ఇటుకలు పేర్చి ఆనించడం అసలే పనికిరాదు, అవి ఒక్కసారిగా పగులుతాయి.

ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పండి. ఏది ఎక్కడ ఉండేదో సందేహం వస్తే, విప్పని పక్క చూచుకోవచ్చు. ప్యాడ్లు గాని డిస్కులు గాని రెండు పక్కలా కలిపే మార్చాలి. ఒక పక్కనే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

క్యాలిపరు బోల్టులు విప్పి, దాన్ని తీగతో పైకి కట్టండి. రబ్బరు గొట్టానికి వేలాడదీస్తే గొట్టం లోపల చెడుతుంది. బ్రేకు దుమ్ము నోటితో గాని గాలిగొట్టంతో గాని ఊదకండి. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవండి.

చాలా డిస్కుల మీద కనీస మందం ఎంతో అంకె వేసి ఉంటుంది. అంచున తుప్పుకట్టి లేచిన గట్టు మీద గాక, ప్యాడు రాసే చోట కొలవండి. అంతకు తగ్గినా, పగుళ్లున్నా, నా కారుకు వలె లోతైన గాళ్లు పడినా డిస్కు తీసివేయవలసిందే. క్యాలిపరును పట్టివుండే బ్రాకెట్టు విప్పితే డిస్కు వస్తుంది. కొన్నిటికి చిన్న స్క్రూ కూడా ఉంటుంది. డిస్కు ఆనే ముఖాన్ని వైరు బ్రష్షుతో తళతళలాడేటట్లు రుద్దండి. అక్కడ తుప్పు రవ్వ మిగిలినా కొత్త డిస్కు వంకరగా తిరిగి, పెడలు అదురుతుంది. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. దాన్ని బ్రేకు క్లీనరుతో పూర్తిగా కడిగివేయాలి.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి గనుక పిస్టనును వెనక్కు నెట్టవలెను. పాత ప్యాడు అడ్డుపెట్టి, సి-క్లాంపుతో నెమ్మదిగా బిగిస్తే అది లోపలికి పోతుంది. అప్పుడు బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం పెరుగుతుంది, పొంగకుండా చూడండి. అది రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. బ్రేకు ఆయిలు అంటామే గాని, అది ఇంజను ఆయిలు వంటిది కాదు సుమా! మూతమీద ఏది రాసివుందో, డాట్ 3 గాని డాట్ 4 గాని, అదే పోయాలి. ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బరు ఉబ్బి బ్రేకులు చెడతాయి. క్యాలిపరు జారే పిన్నులను తుడిచి, రబ్బరుకు హాని చేయని సిలికాను గ్రీజు పూయండి. ప్యాడుకు గాని డిస్కుకు గాని గ్రీజు చెయ్యి తగలకూడదు.

బోల్టులను, చక్రం నట్లను కారు పుస్తకంలో చెప్పిన బలానికి టార్కు రెంచితో బిగించండి. చక్రం నట్లు ఎదురెదురుగా, వరుస మార్చి బిగించాలి.

ఇంతవరకూ నేను సవ్యంగానే చేశాను. ఆఖరున కుర్రవాడికి ఫోను వచ్చి వెళుతూ, “బాబాయ్, కదిలించే ముందు పెడలు తొక్కు” అని కేకవేశాడట. నాకు వినపడలేదు. దిమ్మలు తీసి, ఇంజను వేసి, హ్యాండు బ్రేకు దించాను. మా వాకిలి వామివైపుకు ఏటవాలు. కారు కదిలింది. పెడలు తొక్కితే నేలకు దిగిపోయింది! వామి దగ్గర మా మనమడు లేగదూడకు గడ్డి వేస్తున్నాడు. నాకు నోట మాట రాలేదు. చెయ్యి హ్యాండు బ్రేకు మీద పడింది గనుక కారు వాడికి మూరెడు దూరంలో ఆగింది. వాడు నవ్వుతూనే ఉన్నాడు, నా కాళ్లు మాత్రం సాయంత్రం దాకా వణికినాయి.

కారణం చిన్నది. పిస్టనును మనమే వెనక్కు నెట్టాము గదా! దానికీ ప్యాడుకూ నడుమ సందు ఉన్నది. మొదట తొక్కే కొన్ని తొక్కుళ్లు ఆ సందు పూడ్చడానికే పోతాయి. హ్యాండు బ్రేకు వేరే తీగతో వెనక చక్రాలను పడుతుంది గనుక ఆ రోజు రక్షించింది. కాబట్టి పని కాగానే, దిమ్మలు తీయకముందే, పెడలు గట్టిపడేదాకా తొక్కండి. తరువాత ఆయిలు మట్టం చూడండి. ఈ మాట ఒక్కటి జ్ఞాపకముంటే నేను మాట్లాడినందుకు ఫలితం దక్కినట్లే.

ఆ పైన, ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి పది సార్లు నెమ్మదిగా తగ్గించండి. మధ్య మధ్య చల్లారనివ్వండి, పూర్తిగా నిలిపి పెడలు అదిమి పట్టకండి. ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి సర్దుకుంటాయి. అంతవరకూ ఘాటు రోడ్డుకు పోవద్దు. తిరుమల మొదటి ఘాటు రోడ్డు 1944లో వేసినది, ఇప్పుడు కొండ దిగేవారు దానిమీదుగానే వస్తారు. అటువంటి దిగుడులో చిన్న గేరులో ఇంజను చేతనే బండిని ఆపించాలి. పెడలు తొక్కిపట్టి దిగితే ఆయిలు కాగుతుంది. కొత్త డాట్ 4 ఆయిలు 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలని నియమం. తేమ పీల్చిన పాత ఆయిలు 155 డిగ్రీలకే మరగవచ్చు. లోపల ఆవిరి పుడితే పెడలు మెత్తబడి దిగిపోతుంది. అందుకే సుమారు రెండేళ్లకు ఒకసారి ఆయిలు మార్పించాలి.

ఆయిలు కారుతున్నా, పిస్టను వెనక్కు పోకపోయినా, రబ్బరు చినిగినా, ఎంత తొక్కినా పెడలు మెత్తగానే ఉన్నా ఆ కారును కదిలించకండి. మెకానిక్కునే ఇంటికి పిలిపించండి. అందులో చిన్నతనం లేదు.

దూడ అరిస్తే పాలకని తెలుసుకుంటాము. కారు కీచుమన్నా అట్లాగే చెవియొగ్గండి.