60 అని రాసి 30 చూపిస్తే ఎట్లా? మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్, సిల్క్‌సాంగ్, వెన్బా మీద నా మాట

నడిగూడెం నుంచి మళ్లీ వచ్చేశా. ఈ ఎపిసోడ్‌లో మూడు గేమ్‌లు. ఒకటి 70 డాలర్ల పెద్ద గేమ్, ఒకటి 20 డాలర్ల చిన్న గేమ్, ఇంకోటి గంటన్నరలో అయిపోయే గేమ్. స్టార్లు, పదికి ఇన్ని మార్కులు అని నేను ఇవ్వను, మీకు తెలుసు. నేను చూసేవి మూడే. పెట్టిన పైసలకి సరిపడా సరుకు వచ్చిందా? మన దగ్గరున్న కంప్యూటర్‌లో నడుస్తుందా? ఆడాక మనసులో ఏమన్నా మిగిలిందా?

పైసల సంగతి ముందు ఎందుకంటే, కొత్తగా వచ్చే పెద్ద గేమ్ మన దగ్గర 4 వేలు, 5 వేలు ఉంటోంది. హైదరాబాద్‌లో వీకెండ్ ఖర్చు అనుకునేవాళ్లు ఉంటారు. కానీ ఇక్కడ చాలా ఇళ్లలో అది మిరపకాయ ఏరడానికి పోయి సంపాదించిన పైసలు. అమ్మానాన్న కోదాడలో కాలేజీ ఫీజు కట్టి, పైన ల్యాప్‌టాప్ ఈఎంఐ కూడా కడుతున్నారు. అలాంటి ఇంట్లో పిల్లగాడు ఒక గేమ్ కొని, అది ఆగి ఆగి నడిస్తే, ‘ప్యాచ్ వస్తుందిలే’ అని సర్దుకుపోవడం నాకు నచ్చదు.

సరే, మొదటిది. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్. క్యాప్‌కామ్ కంపెనీది. 2025 ఫిబ్రవరి 28న వచ్చింది. మొదటి మూడు రోజుల్లో 80 లక్షల కాపీలు, నెల దాటేసరికి కోటి. అమ్మకాలు చూస్తే బంపర్ హిట్. కానీ కొన్ని నెలలకి స్టీమ్‌లో రివ్యూలు తిరగబడ్డాయి. జూన్‌కి వచ్చేసరికి కొత్తగా రాసేవాళ్లలో ఎక్కువమంది తిట్టడమే. గేమ్ బాలేదనా? కాదు. వేట బాగుంది. ఆయుధాల బరువు చేతికి తెలుస్తుంది. ఇసుక తుఫాను వచ్చినప్పుడు ఆ జంతువులు గుంపులు గుంపులుగా కదులుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. గొడవంతా కంప్యూటర్‌లో అది నడిచే తీరు మీద.

ఇక్కడ నా పాత ఉద్యోగం పనికొస్తుంది. కంపెనీ వాళ్లే ఇచ్చిన సిఫార్సు పట్టిక చూడండి. ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ లాంటి కార్డు ఉంటే, 1080పీలో సెకనుకు 60 ఫ్రేములు వస్తాయని ఉంది. దాని పక్కనే ఇంకో ముక్క ఉంది: ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే. అసలు కిటుకు అక్కడే ఉంది.

ఫ్రేమ్ జనరేషన్ అంటే ఏంది? మీ కార్డు రెండు బొమ్మలు గీస్తుంది. ఆ రెండింటినీ చూసి, మధ్యలో ఇంకో బొమ్మ ఇట్లా ఉండొచ్చని ఊహించి పెడతారు. స్క్రీన్ మీద బొమ్మలు డబుల్ అవుతాయి, కంటికి నున్నగా కనిపిస్తుంది. కానీ మీరు బటన్ నొక్కితే గేమ్ స్పందించేది అసలు బొమ్మలకే, ఊహించిన బొమ్మలకి కాదు. లెక్క చూడండి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 30 అంటే 33.3. ముప్పైని అరవైగా చూపించినా మీ చేతికి తగిలే ఆలస్యం ముప్పైదే. పైగా మధ్య బొమ్మ తయారు కావాలంటే తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగాలి కదా, అందుకని ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది కూడా. అర లీటరు పాలలో అర లీటరు నీళ్లు పోసి లీటరు అని అమ్మినట్టు. గిన్నె నిండుతుంది, కానీ పాలు మాత్రం అర లీటరే.

ఇప్పటికే 60 కొట్టే మెషిన్‌లో దాన్ని 100, 120 చేసుకోవడానికి ఆ ఫీచర్ వాడితే నాకే అభ్యంతరం లేదు. అది మంచి టెక్నాలజీ. కానీ 60 చేరడానికే అది కావాలంటే, గేమ్‌ని సరిగ్గా వండకుండానే వడ్డించారన్నమాట. ఇక కనీస పట్టిక చూస్తే ఇంకా కథ ఉంది. అక్కడ చెప్పింది సెకనుకు 30 ఫ్రేములు, అది కూడా 720పీ బొమ్మని సాగదీసి 1080పీగా చూపిస్తే. జీటీఎక్స్ 1660 కార్డు, 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్ల సంగతి ఇది. మన ఏరియాలో గేమింగ్ పీసీ ఉన్న చాలామంది దగ్గర ఇప్పటికీ అలాంటి కార్డులే ఉన్నాయి.

న్యాయంగా ఒక మంచి మాట కూడా చెప్పాలి. రిలీజ్‌కి ముందే క్యాప్‌కామ్ ఒక బెంచ్‌మార్క్ టూల్ ఫ్రీగా ఇచ్చింది. డౌన్‌లోడ్ చేసి, మీ మెషిన్‌లో ఎట్లా నడుస్తుందో రూపాయి పెట్టకుండా చూసుకోవచ్చు. ప్రతి పెద్ద కంపెనీ ఇట్లాంటిది ఇవ్వాలని నా డిమాండ్. అంగట్లో మామిడిపండు కొనేటప్పుడు ముక్క కోసి రుచి చూపిస్తారు కదా. 5 వేల సరుకుకి ఆ మర్యాద లేకపోతే ఎట్లా?

‘డెవలపర్లు బద్ధకస్తులు’ అని కామెంట్లు పెడతారు కొందరు. దయచేసి ఆ మాట అనకండి. నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేశా. పేరు అక్కర్లేదు. అక్కడ రిలీజ్ తేదీ ముందే ఖాయమయ్యేది, పని ఎంతుందో తర్వాత లెక్కపెట్టేవాళ్లు. టెస్టర్ బగ్ పట్టుకుంటే ‘తెలిసిన సమస్యలు’ అని ఒక లిస్టులో చేరేది. ఆ లిస్టు తర్వాతి రిలీజ్‌కి, ఆ తర్వాత ఇంకో రిలీజ్‌కి జరుగుతూ పోయేది. రాత్రి రెండింటి దాకా కూర్చున్న పిల్లలకి బగ్ ఎక్కడుందో తెలుసు. సరిచేయడానికి టైమ్ ఇచ్చేది వాళ్లు కాదు. గేమ్‌ల దగ్గర కూడా తేదీ నిర్ణయించేవాళ్లు వేరు, కోడ్ రాసేవాళ్లు వేరు. కోపం రావడం తప్పు కాదు, అది ఎవరి మీద అన్నదే చూసుకోవాలి.

రెండోది, హాలో నైట్: సిల్క్‌సాంగ్. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే గుప్పెడు మంది చేసిన గేమ్. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, 2025 సెప్టెంబర్ 4న వచ్చింది. ఆరేళ్లకు పైగా ఎదురుచూపులు. వచ్చిన రోజు జనం ఒక్కసారిగా మీదపడేసరికి స్టీమ్‌తో సహా స్టోర్లు మొరాయించాయి. ధర 20 డాలర్లు. సైజు దాదాపు 8 జీబీ. దీన్ని మాన్‌స్టర్ హంటర్‌తో పోల్చండి, దానికి 75 జీబీ కావాలి. రోజుకి 2 జీబీ డేటా ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టి డౌన్‌లోడ్ చేసేవాడికి ఆ 75 జీబీ అంటే 38 రోజులు. సిల్క్‌సాంగ్ నాలుగు రోజులు. ఊళ్లలో ఇది కూడా రివ్యూలో రాయాల్సిన విషయమే. పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది.

అయితే దీనికి లోపాలు లేవా? ఉన్నాయి. మొదట్లో మీ దగ్గర ఐదు ప్రాణాలుంటాయి, గేమ్‌లో మాస్కులంటారు. చాలా శత్రువులు ఒక్క దెబ్బకి రెండు మాస్కులు లాగేస్తారు. అంటే మూడు దెబ్బలకే మీ పని అయిపోయినట్టే. చచ్చాక మళ్లీ బాస్ దగ్గరికి చాలా దూరం గెంతుకుంటూ పోవాలి. కొన్ని చోట్ల కూర్చుని సేవ్ చేసుకునే బెంచీకి కూడా పైసలడుగుతారు. మొదటి ప్యాచ్‌లోనే ఆరంభంలో వచ్చే ఒకరిద్దరు బాస్‌లని కాస్త మెత్తబరిచారు.

నా అభిప్రాయం ఇది. బాస్ కష్టంగా ఉండటం నాకు ఓకే. ఓడిపోయిన ప్రతిసారీ నేనెక్కడ తప్పు అడుగు వేశానో తెలుస్తుంది, అది న్యాయమైన కష్టం. కానీ బాస్ దగ్గరికి మళ్లీ మళ్లీ నడిపించడంలో నేర్చుకునేది ఏమీ లేదు, టైమ్ వేస్ట్ తప్ప. పొద్దంతా పనికి పోయి రాత్రి ఒక గంట ఆడుకునేవాడికి ఆ గంటలో 20 నిమిషాలు నడకకే పోతే విసుగొస్తుంది. అయినా సరే, 20 డాలర్లకి ఇంత పెద్ద లోకం, ఇంత శ్రద్ధ వేరే చోట దొరకడం కష్టం. కొనండి, ఓపిక ఉంటేనే.

సిల్క్‌సాంగ్ విషయంలో ఇంకో గొడవ జరిగింది. మన యూట్యూబ్‌లో దాని మీద ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చైనా ఆటగాళ్లు స్టీమ్‌లో పెద్ద ఎత్తున నెగెటివ్ రివ్యూలు రాశారు. కారణం అనువాదం. చైనీస్ అనువాదం పాతకాలపు గ్రాంథికంలా, మెలికలు తిరిగి ఉందని, మొదటి గేమ్ మాటల తీరు ఇందులో లేదని వాళ్ల ఫిర్యాదు. టీమ్ చెర్రీ తరఫు వాళ్లు స్పందించి బాగుచేస్తామన్నారు.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆలోచించండి. వాళ్లు పోట్లాడింది అనువాదం బాలేదని. మనకి పోట్లాడటానికి అనువాదమే లేదు. సిల్క్‌సాంగ్‌లో తెలుగు లేదు. మాన్‌స్టర్ హంటర్‌లోనూ లేదు. హాలీవుడ్ సినిమా వస్తే అదే రోజు తెలుగు డబ్బింగ్ చూస్తాం. స్పైడర్‌మ్యాన్ థియేటర్‌లో తెలుగు మాట్లాడతాడు, కన్సోల్‌లోకి వచ్చేసరికి తెలుగు మర్చిపోతాడు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి కంపెనీకి ఆఫీసు ఉంది. గేమ్ డెవలపర్ల పెద్ద సదస్సు ఐజీడీసీ ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనే జరిగింది. పనిచేసే చేతులు మనవి, తెర మీద అక్షరం మాత్రం మనది కాదు.

‘ఇంగ్లిష్ వచ్చు కదన్నా, ఏముంది’ అంటారు. ఇక్కడే మూడో గేమ్ చెప్పాలి. వెన్బా. 2023 జులై 31న వచ్చింది. కెనడాలోని టొరంటోలో విసాయి గేమ్స్ అనే చిన్న టీమ్ చేసింది. 1980ల్లో తమిళనాడు నుంచి కెనడా పోయిన ఒక కుటుంబం కథ. తల్లి పేరు వెన్బా, తండ్రి పావలన్, కొడుకు కవిన్. గేమ్‌లో మీ పని వంట. తల్లికి వాళ్లమ్మ ఇచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి, మరకలు పడి ఉంటుంది. మిగిలిన ముక్కలు చూసి ఇడ్లీ ఎట్లా పెట్టాలో మీరే కనిపెట్టాలి. ఏ పళ్లెం మీద ఏది పెట్టాలి, ఆవిరి ఎటు పోవాలి, అన్నీ.

పిల్లాడు పెరిగేకొద్దీ ఇంగ్లిష్‌లో జవాబిస్తుంటాడు. తల్లి తమిళంలో మాట్లాడితే చిరాకు పడతాడు. పెద్దయ్యాక అదే పుస్తకం చూసి తానే వండబోతే ఆ అక్షరాలు సరిగ్గా చదవలేకపోతాడు. గేమ్‌లో బాస్ ఫైట్ లేదు, తుపాకీ లేదు. కానీ ఆ చోట నాకు గొంతు పట్టేసింది. ఇంగ్లిష్ వస్తే చాలనుకున్న ఇంట్లో పోయిందేమిటో గంటన్నరలో చూపించారు. 2024లో బాఫ్టా వాళ్లు దీనికి ఉత్తమ తొలి గేమ్ అవార్డిచ్చారు. అదే ఏడాది ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రైజ్ కూడా వచ్చింది.

లోపం? చిన్నది. తండ్రి పాత్రకి ఇంకాస్త చోటు ఉండాల్సింది. వంటల పజిల్స్ తేలిక, ఒకటి రెండు తప్పిస్తే బుర్రకి పని పెట్టవు. ఫుల్ రేటుకి గంటన్నరేనా అనిపించేవాళ్లు సేల్ వచ్చేదాకా ఆగండి. కానీ ఆడండి. మన తెలుగు ఇంటి మీద, మన ఆవకాయ జాడీ మీద ఇట్లాంటి గేమ్ ఇంకా ఎందుకు రాలేదని అడుక్కుంటూ ఆడండి.

తెలుగులో చేస్తే ఎవరు కొంటారు అంటారేమో. 2024 ఆగస్టు 20న బ్లాక్ మిత్: వుకాంగ్ వచ్చింది. చైనా కథ, చైనా మాట. మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్మింది. సొంత కథ చెప్పుకున్నందుకు ప్రపంచం మొహం తిప్పుకోలేదు.

మా ఊరి సంగతి ఒకటి చెప్తా. నడిగూడెం కోట అనగానే అందరూ పింగళి వెంకయ్య గారు, జాతీయ జెండా అంటారు. నిజమే, ఆయన ఇక్కడ ఉన్నారు. ఇంకో విషయం మాత్రం తక్కువమందికి తెలుసు. ఆ కోటలో ఉన్న మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, ఆయన దివాన్ కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఇంకొందరు కలిసి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగుకి చోటు లేని రోజుల్లో తెలుగు పుస్తకాలకి ఒక ఇల్లు కట్టారు. చదివేవాళ్లు ఉన్నారో లేదో చూసి కట్టలేదు. కట్టాక చదివేవాళ్లు వచ్చారు. గేమ్‌లకి కూడా ఎవరో ఒకరు ఆ మొదటి ఇటుక పెట్టాలి. కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు, నేను మిమ్మల్నే అంటున్నా. గంటన్నర గేమ్ చాలు.

ఇక కొనేవాళ్లకి నాలుగు మాటలు. ఒకటి, ప్రీ ఆర్డర్ వద్దు. డిజిటల్ గేమ్‌కి స్టాక్ అయిపోవడం ఉండదు. రెండు, స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆడింది 2 గంటల కంటే తక్కువైతే పైసలు వాపస్ అడగొచ్చు. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు కంపైల్ అయ్యే టైమ్ కూడా ఆ రెండు గంటల్లో కలుస్తుంది, గుర్తుపెట్టుకోండి. క్యారెక్టర్ ముక్కు, మీసం దిద్దుకుంటూ గంట గడపకండి. ముందు రద్దీగా ఉండే ఒక ఊరు, ఒక పెద్ద ఫైట్ దాకా పోయి మెషిన్ ఆగుతుందేమో చూడండి. మూడు, ప్లేస్టేషన్‌లో రూల్ వేరు. డౌన్‌లోడ్ మొదలుపెడితే వాపస్ దొరకడం కష్టం, కాబట్టి కొనకముందే చూసుకోవాలి. నాలుగు, ‘క్రాక్ ఉంది కదన్నా’ అనేవాళ్లకి. అమ్మ ఫోన్‌పే ఓటీపీ మెసేజ్‌లు కూడా తెరిచే ల్యాప్‌టాప్‌లో, ఎవరు చేశారో తెలియని ఫైల్‌కి అడ్మిన్ పర్మిషన్ ఇస్తున్నారు. సాఫ్ట్‌వేర్ వాడిగా చెప్తున్నా, అది ఫ్రీ కాదు.

చివరిగా నా తీర్పు. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్: బెంచ్‌మార్క్ పెట్టి, ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి చూడండి. బాగా వస్తేనే కొనండి. సిల్క్‌సాంగ్: ఓపిక ఉంటే ఈరోజే. వెన్బా: సేల్‌లో, వీలైతే అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని.

మీ ఇంట్లో వంటకం మీద గేమ్ చేయాలంటే ఏది ఎంచుకుంటారో కామెంట్‌లో రాయండి, తెలుగులోనే రాయండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.