లంక భూమి జాగ్రత్త!

(ఒక పేట సభలో చేసిన ప్రసంగం)



కోనసీమ అంటే కొబ్బరితోట, గోదారి, పడవ. సినిమాలో అంతే, టూరిజం బోర్డు మీదా అంతే. ఆ కాయ దింపేదెవరు, ఒలిచేదెవరు? వాళ్లు మాత్రం ఫొటోలో ఉండరు. దిండిలో రిసార్టులు లేచాయి, హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి. మనకేం దొరుకుద్ది? మహా అయితే గదులూడవడం, గేటు కాడ సెల్యూట్ కొట్టడం.

టూరిజం వద్దనట్లేదండి. అది ఎవరి నేల మీద లేస్తోందని అడుగుతున్నాను.

ఎగువన పాపికొండలు చూడండి. ఏళ్ల తరబడి బోట్లవాళ్లు టిక్కెట్లు అమ్ముకున్నారు. పేరంటాలపల్లి కొండరెడ్లకు మిగిలింది వెదురు బొమ్మల బేరం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగితే 26 మందిని ప్రాణాలతో ఒడ్డుకు చేర్చింది అక్కడి పల్లెవాళ్లే. అలాంటి పల్లెల్నే పోలవరం ముంచుతోంది. దాని కింద కదలాల్సిన కుటుంబాలు లక్ష పైచిలుకు. చూడ్డానికి ఆదివాసి కావాలి, ఉండడానికి చోటు మాత్రం లేదు!

ఆదివాసులకు కాగితం మీదైనా 1/70 చట్టం ఉంది. మనకు కాపలా 9/77 చట్టం. పేదోడికిచ్చిన డి-పట్టా భూమిని కొన్నా చెల్లదంది అది. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు అమ్ముకునే హక్కు కల్పించారు. హక్కు మంచిదే. కానీ పిల్ల పెళ్లి, ఆస్పత్రి ఖర్చు, గల్ఫ్ వీసా అప్పు నెత్తి మీదున్నోడి చేతిలో ఆ హక్కు ఎన్నాళ్లుంటుంది? గోదారి గట్టునున్న మన అరెకరమే రిసార్టోడికి ముందు కనపడుద్ది. ఇక లంకల్లో లీజు మీద సాగు చేసుకునేవాళ్లకు ఆ పట్టా కూడా లేదు.

జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామన్నందుకే 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరుకే అంత జరిగిన చోట భూమి కోసం ఎంత జరుగుద్దో ఆలోచించండి.

అందుకని మూడు పనులు. ఒకటి, ఎవరి పట్టా ఎక్కడుందో, అడంగల్‌లో ఎవరి పేరుందో చదువుకున్న కుర్రోళ్లు ఇంటింటికీ తిరిగి రాయాలి. రెండు, రిసార్టు మాటొస్తే గ్రామసభలో సర్వే నంబరు అడగాలి. చెప్పకపోతే సమాచార హక్కు కింద తాసిల్దారుకి అర్జీ పెట్టాలి. మూడు, ఇంటాయన ఒక్కడే వెళ్లి వేలిముద్ర వెయ్యకూడదు. ఇంట్లో ఆడవాళ్లు, పేట పెద్దలు కూర్చుని మాట్లాడాకే ఏదైనా.

చుట్టం చూపుకొచ్చినోళ్లకు మంచం వేద్దాం, మంచినీళ్లిద్దాం. ఇల్లు మాత్రం రాసివ్వం. జై భీమ్!